మైల రోజుల్లో ఎండిన సున్నం

ఒక్క మాటను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. "లేదు" అన్న మాట. ఎవరైనా తేలికగా అనేదే. నేనూ తేలికగానే అన్నాను. ఆ తరువాత అది నా మీద నుంచి దిగలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. మా వీధివాళ్ళకు, నా పిల్లలకు చెప్పలేనిది ముఖం తెలియని మీకు చెప్పుకోవడం పిరికితనమా? కావచ్చు. పేరు రాయను. మిగిలినదంతా రాస్తాను.

మేము పెరియకుళం పక్కన తెలుగువాళ్ళం. ఏ తరంలో ఇటు వచ్చామో మా తాతకే తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. నేను బడిలో చదివింది కొద్దిగానే. మదురలో దొరల పుస్తకశాల ఒకటి ఉండేది. అక్కడ దుమ్ము దులిపే పనికి చేరి, దులిపిన పుస్తకాలను తెరవడం మొదలుపెట్టాను. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో పుటా కొండ ఎక్కినట్టు ఎక్కాను. కట్టడాల పుస్తకాలు, నీటిపారుదల పుస్తకాలు, సున్నాల మీద పుస్తకాలు. కొన్నాళ్ళకు చెరువులు, కాలువలు బాగుచేయించే మరామతు కచేరీలో దుబాసీ పని దొరికింది. దొర మాట అరవంలోకి, అరవం మాట ఇంగ్లీషులోకి మార్చేవాణ్ణి. నేను నేర్చుకున్నది నా అంతట నేను నేర్చుకున్నానన్న గర్వం నాకు ఎప్పుడూ ఉంది. ఇప్పుడూ ఉంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే తరువాతిది మీకు అర్థం కాదు.

అవి కంపెనీ దొరతనపు రోజులు. మా కొండ కింది చెరువులకు తూములు వానాకాలంలో పగిలిపోయేవి. నీళ్ళలో నిలిచే సున్నం కావాలంటే సముద్రపు గవ్వలు కాల్చిన సున్నం తీరం నుంచి బండ్ల మీద రావాలి. బండ్లు వచ్చేలోగా చెరువు ఖాళీ అయ్యేది, పైరు ఎండేది. మా వాగుల్లోనే సున్నపురాయి ఉంది. కాని అది నీళ్ళలో నిలుస్తుందా, దేనితో కలిపితే నిలుస్తుంది? ఇది తేల్చడానికి మరామతు కచేరీవారు మా ఊరి దగ్గరి సర్వే పాఠశాలలో ఒక పదవి పెట్టి దానికి జీతం ఏర్పాటు చేశారు. ఆ పదవిలో ఉన్నవాడు పిల్లలకు పాఠం చెప్పనక్కరలేదు. పరీక్షలు చేయాలి, తేల్చాలి. అంతే. అలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని మా వైపు ఎవరూ విని ఉండలేదు.

ఆ పదవి నాకు రావాలనుకున్నాను. అళగిరిసామికి వచ్చింది.

అళగిరిసామి నాకు వరుసకు బావమరిది. ఆ పాఠశాలలోనే చదివి అక్కడే గొలుసుతో భూమి కొలవడం నేర్పేవాడు. నేను చదివిన పుస్తకాల్లో సగమైనా అతను చూడలేదు. కాని చదివిన ప్రతి ముక్కనూ నమ్మే ముందు నానబెట్టి చూసేవాడు. నాకేమో అతని మీద పర్యవేక్షణ పని ఇచ్చారు. జీతం తీసుకునేవాడు పని చేస్తున్నాడా, ఆ పని ముందుకు పోతున్నదా అని చూసి నేను దొరకు నివేదిక రాయాలి. పదవి నిలవడమూ పోవడమూ దాని మీదే ఆధారపడుతుంది. కోరుకున్న కుర్చీ దక్కనివాణ్ణి ఆ కుర్చీకి కాపలా పెట్టారు. అప్పుడు నాకు అలా తోచలేదు. గౌరవం అనుకున్నాను.

అతని పద్ధతి ఇది. వాగు రాయిని కాల్చి, ఆ సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లపు నీళ్ళు, ఇటుకపొడి రకరకాల పాళ్ళలో కలిపి గానుగలో నూరించేవాడు. అలా నూరిన కలవతో, అంటే సున్నపు మిశ్రమంతో, రెండేసి ఇటుకలు అతికించి నీటి తొట్టిలో ముంచి ఉంచేవాడు. గడువు తీరాక బయటికి తీసి, పై ఇటుకను కట్టి, కింది ఇటుకకు బరువులు వేలాడదీస్తే, ఎంత బరువుకు ఊడుతుందో దాన్నిబట్టి ఆ కలవ బలం తెలుస్తుంది. గడువంటే రెండు కాలాలు మారాలి. అంతదాకా చూడ్డానికి ఏమీ ఉండదు. నీళ్ళు, నీళ్ళలో ఇటుకలు.

ఊళ్ళో అందరికీ అదొక వేడుక. మా మేనత్త నోరు మరీ పెద్దది. "సుమ్మా కూర్చుండేదానికి సంబళమా రా? ఇటుకలు నీళ్ళల్లో ఏసి, అవి ఈత నేర్చేదాకా కాచుకోనుండాడా మీ సున్నం వాత్యారు?" అనేది. ఊరకే కూర్చున్నందుకు జీతమా అని సున్నం పంతులి మీద ఆమె ఎకసెక్కం. నేను నవ్వేవాణ్ణి. ఎదురు చెప్పవలసినవాణ్ణి నేనే కదా. అయినా నవ్వేవాణ్ణి.

పాఠశాలలో నీటి వసతి చాలకపోతే మా మామిడి తోపు అంచున ఉన్న కొట్టాన్ని నేనే ఇస్తానన్నాను. పక్కనే బావి ఉంది. పర్యవేక్షణకు సులువని దొర సంతోషించాడు. రాతి తొట్లు అక్కడ పెట్టించాము. అళగిరి నన్ను కోరింది ఒక్కటే. గడువు తీరేదాకా ఇటుకల మీద నీళ్ళు ఉండాలి. ఒక్క పూటైనా అవి గాలికి తేలకూడదు. ఆ భారం నాదని ఒప్పుకున్నాను.

గడువు సగం దాటాక అతను తేని వైపు వాగుల్లో వేరే రకం రాళ్ళు వెతకడానికి వెళ్ళాడు. అది కూడా పదవిలోని పనే. అతను అక్కడ ఉండగా మా పెదనాయన పోయాడు.

ఇంట్లో ప్రాణం పోతే నిలవ నీళ్ళన్నీ పారబోయడం మా ఆచారం. బిందెలో, కాగులో, కుడితి తొట్టిలో, ఎక్కడ ఉన్నా సరే. ఆ మైల, మా మాటలో దీట్టు, తీరేదాకా మేము బావి చేద ముట్టకూడదు. దాయాదులను మేము పంగాళ్ళంటాము. పంగాళ్ళు కాని, మైల లేనివారు తెచ్చి పోస్తేనే మాకు నీళ్ళు. మా పెరటి గోడకూ కొట్టానికీ మధ్య వేరే హద్దు లేదు. మగవాళ్ళం వల్లకాటి నుంచి తిరిగి రాగానే మేనత్త కొంగు బిగించి ఒక్కో పాత్రా బోర్లించుకుంటూ వచ్చింది.

"ఆ కొట్టంలో తొట్లుండాయే, అవి?" అని అడిగింది.

"అవి కచేరీ నీళ్ళు అత్తా," అన్నాను.

అరుగు మీద కూర్చున్న పంగాళి ఒకాయన చుట్ట తీసి పక్కన పెట్టాడు. "ఓహో. కచేరీ నీళ్ళకు దీట్టు అంటదా? దొర వచ్చి పుణ్యావాచనం చేసిపోయినాడేమో!"

చావింట్లో కూడా నలుగురు నవ్వారు. "ఇంగ్లీషు సదివినోడప్పా," అన్నారెవరో. "వానికి పెదనాయన కన్నా ఇటుకలే పంగాళి."

నా చెవులు కాలిపోయాయి. "పారబోసేయండి," అన్నాను.

తొట్టి అడుగున బెజ్జానికి బిగించిన కొయ్య మూత పీకారు. నీళ్ళు మామిడి మొదళ్ళకు పారాయి. ఇటుకలు తొట్లలో తడితడిగా నిలబడి ఉన్నాయి.

ఆ క్షణంలో అన్న మాటను నేను క్షమించుకోగలను. నలుగురి నవ్వు ముందు మనిషి అంటాడు. కాని ఆ తరువాతి రోజుల మాటేమిటి? కూలిమనిషికి మైల లేదు. వాగుకు మైల లేదు. ఒక మనిషిని పిలిచి, ఆ ఇటుకలను గంపలో తీసుకుపోయి వాగు మడుగులో ముంచి రమ్మంటే సరిపోయేది. ఆ ఉపాయం నాకు తోచలేదని చెబితే అబద్ధం. మొదటి సాయంకాలమే తోచింది. చేయలేదు. ఎందుకు? ఒకసారి గట్టిపడ్డ సున్నం మళ్ళీ చెడదని ఏదో పుస్తకంలో చదివినట్టు నాకు నేను చెప్పుకున్నాను. అలా ఎక్కడా చదవలేదు. పెదనాయన పోయిన దుఃఖంలో ఉన్నానని చెప్పుకున్నాను. దుఃఖం నిజమే, కాని దుఃఖంలో ఉన్నవాడు ఒక కూలిమనిషిని పిలవలేకపోతాడా? ఆ ఇటుకలు ఊడిపోతే బాగుండునని నాలో ఎవరో అనుకున్నారా? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చిన ప్రతిసారీ నేను లేచి వేరే పనికి వెళ్ళిపోయేవాణ్ణి. ఇవాళ లేవడం లేదు. అనుకున్నాను. స్పష్టంగా కాదు. ఎండ ఎటు పడుతున్నదో చూసి కూడా తలుపు చేరవేసి పోయేటంత మాత్రం అనుకున్నాను.

కొట్టానికి ఒక పక్క కప్పు లేదు. పగలంతా ఎండ లోపలికి పడేది. ఇటుకల మధ్య సున్నం మొదట పాలిపోయింది, తరువాత వెంట్రుకల్లాంటి గీతలు పడింది. మైల తీరగానే తొట్లకు మూతలు బిగించి నేనే నీళ్ళు పోయించాను. నీళ్ళు నిండాక గీతలు కనిపించలేదు.

అళగిరి తిరిగి వచ్చాడు. ముందు మా ఇంటికి వచ్చి పెదనాయన కోసం ఏడ్చాడు. చిన్నప్పుడు తోపులో మామిడికాయలు దొంగిలిస్తే పెదనాయన తరమకుండా ఉప్పు ఇచ్చేవాడట. తరువాత ఇద్దరం కొట్టానికి వెళ్ళాము. తొట్టిలో మోచేతిదాకా చెయ్యి పెట్టి నీళ్ళు కదిపాడు. అతనూ మా ఆచారంలోనే పుట్టినవాడు. అడగకుండా ఉంటాడా?

"దీట్టులో ఈ నీళ్ళు తీసేసినారా బావా?"

"లేదు," అన్నాను.

"అత్త ఊరుకునిందా?"

"కచేరీ నీళ్ళని ముట్టనీయలేదు."

అతను నా వైపు తిరిగాడు. కళ్ళలో మెరుపు. "అత్తను ఎదిరించినావా! అంతమంది ముందరా! ఇంత పెద్దోడివని నాకు తెలీలే బావా. నేనైతే పారబోసుందును."

నా భుజం పట్టుకుని ఊపాడు. తడి చెయ్యి. నేను నవ్వాను.

గడువు రోజు దొర వచ్చాడు. మూడు కాళ్ళ కొయ్య నిలబెట్టి మొదటి జత ఇటుకలు కట్టారు. బరువులు సగం కూడా వేయకముందే ఊడింది. రెండోది ఇంకా ముందే ఊడింది. అళగిరి ఎక్కువగా నమ్ముకున్నది కరక్కాయ నీళ్ళ కలవ. అది చేత్తో ఎత్తి కట్టేటప్పుడే విడిపోయింది. అతను ఇటుక ఊడిన వైపును బొటనవేలితో రుద్ది చూశాడు. నన్ను మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే ఏమనేవాణ్ణో నాకు తెలియదు. అడగలేదు. దొరతో అరవంలో, "నా కలవ తప్పు," అన్నాడు.

ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి దొరకు చెప్పినవాణ్ణి నేనే.

తరువాత నివేదిక రాశాను. పదవిలో ఉన్న వ్యక్తి పరీక్షాకాలంలో చాలా రోజులు ఊళ్ళో లేడని, పరీక్షలు ఫలించలేదని రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు. ఒట్టి నిజాలతో అబద్ధం కట్టవచ్చని ఆ రోజు నేర్చుకున్నాను. ఏ పుస్తకశాలా నేర్పనిది. నా ఇంగ్లీషు బాగుందని దొర మెచ్చుకున్నాడు కూడా.

పదవి తీసేశారు. తీరం నుంచి గవ్వ సున్నం బండ్లు వస్తూనే ఉన్నాయి, తూములు పగులుతూనే ఉన్నాయి. అళగిరి అన్నూరు దగ్గర తన అత్తవారి ఊరికి వెళ్ళి బావులకు రాతికట్టు కట్టించే పనిలో పడ్డాడు. పెళ్ళిళ్ళలో ఒకటి రెండుసార్లు ఎదురుపడ్డాము. ఎప్పుడూ ఆదరంగానే పలకరించేవాడు. నేను మా అత్తను ఎదిరించిన కథ నలుగురికీ చెప్పేవాడు కూడా. ఆ కథ మొదలవగానే నేను చెయ్యి కడుక్కునే నెపంతో లేచిపోయేవాణ్ణి.

ఇప్పుడు రాణిగారి దొరతనం. ఈ మధ్య కచేరీ నుంచి నాకు కబురు వచ్చింది. అలాంటి పరిశోధన పదవులు మళ్ళీ పెట్టబోతున్నారట. జీతం ఇచ్చి పెట్టిన మనుషుల పనిని ఎలా గమనించాలి, ఏది చూసి మంచిదనాలి, ఏది చూసి చాలదనాలి అని నియమాలు రాసి ఇమ్మన్నారు. అనుభవం ఉన్నవాణ్ణి అని నన్ను ఎంచుకున్నారు. ఉత్సాహంగా కూర్చున్నాను. నాకు తెలిసిన మంచి మాటలన్నీ వచ్చాయి. మూడో నియమం దగ్గర, "పదవిలో ఉన్నవాడు అకారణంగా ఊరు విడిచి వెళ్ళరాదు" అని రాసి, ఆ వాక్యాన్ని చూస్తూ ఉండిపోయాను. ఇది నియమం కాదు. ఒక మనిషిని రెండోసారి గెంటేయడం. ఈసారి అతని తరువాత వచ్చేవాళ్ళందరితో కలిపి.

మరునాడు బండి కట్టించుకుని అన్నూరు బయలుదేరాను.

అతను ఒక బావి ఒడ్డున ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. "రా బావా, రా! ఇంత దూరం నిన్నెవరు తరిమినారు?" అని నవ్వుతూ వచ్చాడు. ఇంటికి తీసుకుపోయాడు. కూర్చోకుండానే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని భయం.

"ఆ నీళ్ళు పారబోయించినాను అళగిరీ. నేనే పారబోయమన్నాను. మైల తీరేదాకా తొట్లు ఎండినాయి. నువ్వు వచ్చే ముందర మళ్ళీ నింపించినాను."

అతని నవ్వు వెంటనే పోలేదు. ముఖం మీద కాసేపు మిగిలింది, దీపం ఆర్పాక వత్తి మీద ఎరుపులాగా.

"నేను అడిగితిని గదా," అన్నాడు.

"అడిగినావు."

"నీ నోట్లోనుంచి వచ్చింది గదా అని మళ్ళీ అడగలే."

లోపలినుంచి అతని భార్య వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. "ఆయన చెయ్యి మంచిది గాదని మా పుట్టింటోళ్ళు నా ముందరనే అనిరి," అంది.

అళగిరి లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. చాలాసేపు రాలేదు. వెళ్ళిపొమ్మనడానికే వస్తాడనుకున్నాను. వచ్చి నాకు ఎదురుగా చతికిలపడ్డాడు.

"ఎండ పడిందా వాటి మీద?"

"పడింది. ఒక పక్క కప్పు లేదు గదా."

"రాత్రి మంచు?"

"అదీ పడింది."

"గీతలు అడ్డంగా పోయినాయా, ఇటుకను పట్టుకోని పోయినాయా?"

కళ్ళు మూసుకుని ఆ కొట్టాన్ని మళ్ళీ చూశాను. ఎన్నో ఏళ్ళు చూడకూడదనుకున్నది. "అడ్డంగా. నడి సున్నంలో. ఇటుక దగ్గర గట్టిగానే ఉండినట్టుంది."

అతను నేల మీద వేలితో ఏదో గీశాడు, చెరిపాడు.

"ఇటుకను పట్టింది, ఎండకే నడుమ చీలింది. అట్లైతే నా కలవ తప్పు గాదు."

అన్నది నాతో కాదు. భార్యతోనూ కాదు. ఆ మాట విని ఆమె ఏడ్చింది. అతను ఏడవలేదు. "ఆ రాయిని మళ్ళీ ముట్టలేదే నేను. ఎవరైనా వాగు రాయి అంటే, అది నిలవదప్పా, నేను చూసినాను అని చెప్పి పంపిస్తిని. ఎంతమందికి చెప్పినానో!" అన్నాడు.

నేను అతని పదవి పోగొట్టాననే ఇన్నేళ్ళూ అనుకున్నాను. అంతకన్నా పెద్దదాన్ని పోగొట్టాను. తన చేత్తో కనుక్కున్న నిజాన్ని అతని చేతే అబద్ధమనిపించాను. అది ఆ గదిలో కూర్చున్నప్పుడే నాకు తెలిసింది.

ఆమె ఆకు వేసి వడ్డించింది. తిన్నాను. బండి ఎక్కేటప్పుడు అతను బయటికి వచ్చాడు గాని, బావా అనలేదు. క్షమించానని అనలేదు. నేను అడగలేదు. అడిగే హక్కు నాకు ఉందా? ఉందని ఇప్పటికీ అనుకోవడం లేదు.

కాని దారి పొడుగునా నాకు ఒక విచిత్రం జరిగింది. ఎండ, దుమ్ము, ఎద్దుల మెడ గంటలు, ఇవన్నీ చాలా కాలం తరువాత బాగా కనిపించాయి, వినిపించాయి. చెప్పడం వల్ల తప్పు తగ్గలేదు. దాన్ని దాచడానికి పెట్టిన బలమంతా మాత్రం ఒక్కసారి నా చేతికి తిరిగి వచ్చింది. ఆ బలంతో ఏదైనా చేయవచ్చునని తోచింది.

ఇంటికి వచ్చి నియమాలు మళ్ళీ రాశాను. నానే కాలం కూడా పని కాలమేనని రాశాను. రాళ్ళ కోసం వాగుల వెంట తిరిగేవాడు ఊళ్ళో లేడనడం నేరారోపణ కాదని రాశాను. పరీక్ష వస్తువు ఎవరి కాపలాలో ఉందో వాడిని కూడా ప్రశ్నించాలని రాశాను. ఆ మాట ఎందుకు రాస్తున్నానో కింద వివరించాను, నా పాత నివేదిక గురించి, మొత్తం. కచేరీ నుంచి జవాబు ఇంకా రాలేదు. వచ్చాక నాకు ఉన్న మర్యాద పోవచ్చు. పోనివ్వండి. ఆ పదవి మళ్ళీ పెట్టేటప్పుడు అళగిరిసామి కలవ తప్పు కాదన్న సంగతి వాళ్ళ ముందు ఉంటుంది.

నిన్న అన్నూరు వైపు నుంచి వచ్చిన బండివాడు ఒకడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. నోటి మాటే, కాగితం లేదు. "వాగు రాయి ఒక బండెడు పంపమన్నారు. బూడిద రంగువే కావాలంట. తెల్లవి కలిస్తే వద్దంట. అంతే సెప్పమన్నారు." అళగిరి ఇంకేమైనా అన్నాడా అని రెండుసార్లు అడిగాను. లేదన్నాడు.

ఈ ఉదయం ఇద్దరు కూలివాళ్ళతో వాగులోకి దిగాను. ఈ వయసులో మీకెందుకని వాళ్ళు గొణిగారు. ఏరి, కడిగి, బండికి ఎత్తించాను. బండి కదిలాక నాకు నిమ్మళం లేకపోయింది. కేక వేసి ఆపించి, పై వరస దింపించి చూశాను. తెల్లవి రెండు కలిశాయి. తీసి ఒడ్డున పారేసి, బండిని పొమ్మన్నాను.